నన్ను తిట్టిన పాట

పాటల్లో తిట్ల గురించి మాట్లాడమని నిజామాబాద్‌లో ఒక పాఠకుల సంఘం వాళ్ళు పోయిన శీతాకాలం నన్ను పిలిచారు. నాకు కొత్త విషయమేమీ కాదు. ముహూర్తాల మీద, చేతబడి మీద, బాబాల మీద ఎంత రాశానో బూతుపాట మీద కూడా అంతే రాశాను. సినిమా పాటలో తిట్టు వచ్చిన చోట ఒక కూత పెట్టి మాటను కప్పేస్తున్నారనీ, కప్పిన మాట బడిపిల్లలందరికీ నోటికి వచ్చనీ, ఈ దొంగ మర్యాద కంటే తిట్టే నయమనీ మొదలుపెట్టాను. ఆ తిట్లను తినేది ఎప్పుడూ ఎవరో ఒకరి తల్లీ అక్కాచెల్లెళ్ళేననీ, తిట్టుకునేది ఇద్దరు మగవాళ్ళయినా మధ్యలో నలిగేది ఆడదేననీ రాశాను. రెండో పేజీ సగంలో కలం ఆగిపోయింది. కారణం మా వదిన.

మా పెద్దన్న భార్య. కోటగిరి దగ్గర మా ఊళ్ళోనే ఉంటుంది. అన్న పోయి ఆరేళ్ళయింది. కంటికి శుక్లం తీయించుకోవడానికి పట్నం వచ్చి, చుక్కల మందు పూర్తయ్యేదాకా మా ఇంట్లో ఉంది. పొద్దంతా నల్లద్దాలు పెట్టుకుని వరండాలో కుర్చీలో కూర్చునేది. మా ఇంటి వెనక వీధిలో ఫంక్షన్ హాల్. పెళ్ళిళ్ళ రోజులు. పెళ్ళికొడుకు దిగే వేళకు ట్రాలీ మీద నిలువెత్తు స్పీకర్లు పెట్టుకుని వచ్చేవాళ్ళు. మా కిటికీ అద్దాలు వణికేవి.

ఒక మధ్యాహ్నం వచ్చిన పాటలో ప్రతి చరణం చివరా ఒక తిట్టు ఉంది. అది వచ్చినప్పుడల్లా కుర్రాళ్ళందరూ చేతులెత్తి ఒకేసారి అరుస్తున్నారు. నేను తలుపు వేయడానికి లేచాను. వదిన వేయొద్దంది. తల ఒక పక్కకు వంచి పాట మొత్తం విన్నది. ఆఖర్న నన్ను అడిగింది.

“ఎవన్ని తిడుతుండు వీడు?”

ఎవరినీ కాదన్నాను.

“పేరు లేదా?”

“లేదు.”

“బావనా, మరిదా? ఏమైతడు వీనికి?”

“ఎవరూ కాడు వదినా. ఊరికే గాలికి తిడుతున్నాడు.”

“గాలికి తిట్టుడేంది? తినెటోడు ఉండాలె గద” అని, అద్దాల కింద కన్ను దూదితో తుడుచుకుంది.

పాట గురించి వదిన నా ముందు నోరు తెరవడం నలభై ఏళ్ళలో అదే మొదటిసారి. నేను కాగితాలు పక్కన పెట్టేశాను.

మా భూమి కాలువ కింద ఉంటుంది. ఒక పక్క చెరుకు, ఒక పక్క వరి. నాట్లప్పుడు ఇల్లిల్లూ బదులు పెట్టుకునేవాళ్ళు. ఈ రోజు మీ మడిలో మేము, రేపు మా మడిలో మీరు. పదిహేను ఇరవై మంది ఆడవాళ్ళు వరుసగా వంగి వెనక్కి నడుస్తూ నాటే ఆ వరుసను మునుం అంటారు. మునుంలో ఒకామె పాట ఎత్తుతుంది, ఇంకొకామె అందుకుంటుంది, మిగతావాళ్ళు పలుకుతారు. మా ఊళ్ళో ఎత్తేది మా వదిన. అందుకునేది మా పక్క చేను ఆమె. ఇద్దరూ ఒకే ఏడు ఆ ఊరికి కాపురానికి వచ్చారు.

మునుం నడుస్తున్నప్పుడు గట్టు మీదుగా ఏ మగవాడు పోయినా పాటలోకి వస్తాడు. పేరు పెట్టి తిడతారు. వాడి నడక, వాడి పంచె, వాడి పిసినారితనం, వాడి పెళ్ళాం దగ్గర వాడి తంటాలు, అన్నీ వస్తాయి. వాడు కోపం తెచ్చుకోకూడదు. చెప్పులు విడిచి బురదలోకి దిగి, ఒక నారుకట్ట తీసుకుని నాటి పోవాలి. దిగేదాకా తిట్టు పెరుగుతూనే ఉంటుంది. కొందరికి మాత్రం మినహాయింపు ఉండేది. ఇంట్లో మనిషి పోయిన ఏడాది ఎవరినీ తిట్టరు. జీతగాళ్ళను, అంటే పాలేర్లను, తిట్టరు. కాలువ నీళ్ళు వదిలే లష్కరును మాత్రం తనివితీరా తిట్టేవాళ్ళు. నీళ్ళు తన జేబులో ఉన్నట్టు తిరిగేవాడు మరి.

నాకు పదిహేనేళ్ళప్పుడు ఒకరోజు అన్నం గంప మోసుకుని గట్టు మీద పోతున్నాను. అంతకుముందు ఎన్నోసార్లు పోయాను, ఎవరూ పట్టించుకోలేదు. ఆ రోజు వదిన నడుము ఎత్తకుండానే గొంతు ఎత్తింది.

“గంపనెత్తుకోని వచ్చె మా సిన్న మరిది వలో,
మీసమెక్కడ రాలగొట్టుకోనొచ్చినవ్‌రా వలో.”

అక్కడి నుంచి ముందుకు పోయినకొద్దీ నా చెవులు కాలిపోయాయి. గంప గట్టు మీద పెట్టి దిగాను. నాటిన నాలుగు మొక్కలూ పైకి తేలాయి. అందుకు ఇంకో నాలుగు తిట్లు తిన్నాను. ఇంటికొచ్చాక అద్దంలో మూతి చూసుకున్నాను. మగవాళ్ళ లెక్కలోకి వచ్చానని నాకు ఆ రోజు తెలిసింది.

ఆ లెక్క ఎంత గట్టిదో మా పక్క క్యాంపు రైతును చూస్తే అర్థమయ్యేది. కోస్తా నుంచి వచ్చి భూమి కొనుక్కున్న మనిషి. మూడు నాలుగేళ్ళు మా గట్టు మీద నడిచినా పాట ఆయన్ను తాకలేదు. మర్యాదగా తప్పుకుని పోయేవాడు. ఒక ఏడు ఎందుకో తిట్టారు. ఆయన పొట్ట మీద, ఆయన గొడుగు మీద చాలాసేపు తిట్టారు. ఆయన మోకాళ్ళ దాకా బురద పూసుకుని హోటల్ దగ్గరికి వచ్చి అందరికీ చెప్పాడు. “ఇవాళ నన్ను కూడా తిట్టారండీ, పేరు పెట్టి మరీ.” హోటల్లో అందరికీ చాయ్ చెప్పాడు.

ఇవన్నీ కళ్ళారా చూసిన నేనే ఆ పాటను ఆపించాను.

నిజామాబాద్‌లో కాలేజీకి పోయాక నాకు వాదన అంటే పిచ్చి పట్టింది. వారం వారం ఒక పెద్దాయన ఇంటి మిద్దె మీద చర్చలు జరిగేవి. దేవుడున్నాడా, పెళ్ళికి పురోహితుడు కావాలా, పండుగలు అవసరమా. ఆ పెద్దాయన మాకు నేర్పిన మొదటి పాఠం, ఆధారం లేకుండా నోరు తెరవొద్దని. నేను ఆ పాఠం బాగా నేర్చుకున్నాను. సెలవులకు ఊరొచ్చి నాట్ల పాట వింటే ఒళ్ళు మండింది. ఆడవాళ్ళు తమను తామే కించపరుచుకుంటున్నారు అనిపించింది. పాటలో కొన్ని వరుసల్లో కులం పేరుతో తిట్టు ఉండేది. దాని మీద నా కోపం ఈ రోజుకీ తగ్గలేదు, తగ్గాల్సిన అవసరం కూడా లేదు. కానీ ఆ రెండు మూడు వరుసలు మార్చుకోమని వదినతో ఇంట్లో చెప్పి ఉండవచ్చు. నేను చెప్పలేదు. చెరుకు చాటున కూర్చుని రెండు రోజులు పాటంతా నోటుబుక్కులో రాసుకున్నాను.

బడి ముందర యువజన సంఘం సభ పెట్టాం. అంశం, పల్లెల్లో అశ్లీలం. నూరు మంది దాకా వచ్చారు, అందరూ మగవాళ్ళే. స్త్రీల గౌరవం గురించి ఒక్క స్త్రీ కూడా లేని సభలో గంటసేపు మాట్లాడిన ఘనత నాది. ఎదుటి పక్షం వాడొకడు లేచి, ఏవో ఆడవాళ్ళ సరదాలు, వదిలేయండి అన్నాడు. నేను నోటుబుక్కు తీశాను. పాట లేకుండా, రాగం లేకుండా, పంచాయితీలో దరఖాస్తు చదివినట్టు చదివాను. బురదలో, వంగిన నడుముల మధ్య, నీళ్ళ చప్పుడులో నవ్వులాగా పుట్టిన మాటలు అక్కడ దీపం కింద బట్టలు లేకుండా నిలబడ్డాయి. లష్కరు మీద ఉన్న వరుస చదివాను, నవ్వారు. ఆ తర్వాతి వరుస మా అన్న మీదిది. పక్క మడి దగ్గర నిలబడి మునుం వైపు చూస్తున్న మొగుణ్ణి వదిన తిట్టిన తిట్టు. రాత్రి పడకకూ పగటి పనికీ ముడిపెట్టి తిట్టింది. నేను వాదన మత్తులో ఆగలేదు, చదివేశాను.

మొదట ఎవరో ఒకడు గట్టిగా నవ్వాడు. తర్వాత సభంతా నవ్వింది. అన్న ముందు వరుసలోనే ఉన్నాడు. తువ్వాల దులిపి భుజాన వేసుకుని లేచి, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయాడు. నా తీర్మానం చప్పట్లతో నెగ్గింది.

ఇంటికి పోతే వదిన మామూలుగానే అన్నం పెట్టింది, పచ్చిపులుసు కొంచెం ఎక్కువే పోసింది. రెండు రోజుల తర్వాత నేను గట్టు మీద నడిచాను. పాట దూరం నుంచే వినిపిస్తోంది. నన్ను చూడగానే ఆగిపోయింది. ఇరవై మంది ఆడవాళ్ళు తలవంచుకుని నాటుతున్నారు. బురదలో వేళ్ళు దిగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను ఆ చివరి దాకా నడిచిపోయాను. ఆ రోజు నాకు గర్వంగా కూడా అనిపించింది. ఒక పత్రికకు రాశాను కూడా, మా ఊళ్ళో బూతుపాట అంతరించిందని.

ఆ తర్వాత ప్రతి ఏడూ అంతే. నేను గట్టు ఎక్కితే నిశ్శబ్దం. నాకంటే చిన్నవాళ్ళు, నా వెంట వచ్చిన స్నేహితులు పోతే తిట్టు తిన్నారని విన్నాను. నేను పోతే నీళ్ళ చప్పుడే. ఐదారేళ్ళకు నాకు గర్వం పోయింది. పదేళ్ళకు మా ఊరు పోవాలంటే నాట్ల కాలం చూసుకుని పోవడం మొదలుపెట్టాను. పని లేకున్నా ఆ గట్టు మీద నడిచేవాణ్ణి. నెమ్మదిగా నడిచేవాణ్ణి. కండువా జారవిడిచేవాణ్ణి. తిట్టడానికి వీలుగా ఏదో ఒకటి చేసేవాణ్ణి. తిట్టు కోసం ఇంతగా కాచుకున్న హేతువాది ఈ జిల్లాలో ఇంకొకడు ఉండడు. ఒక్కరు కూడా తల ఎత్తలేదు.

ఇప్పుడు నాట్లు వేసేది బయటి రాష్ట్రాల నుంచి వచ్చే కూలీలు. చకచకా వేస్తారు, వాళ్ళ ఫోన్లో వాళ్ళ భాష పాటలుంటాయి. గట్టు మీద ఎవరు పోతున్నారో వాళ్ళకు అవసరం లేదు. నన్ను తిట్టగలిగిన మనిషి ఒక్కరే మిగిలారు. ఆమె మా వరండాలో నల్లద్దాలు పెట్టుకుని కూర్చుంది.

మర్నాడు పొద్దున చుక్కలు వేయడానికి పోయాను. వదిన అద్దాలు తీసి తల వెనక్కి వాల్చింది. కంట్లో చుక్క వేశాక రెండు నిమిషాలు కళ్ళు మూసుకోవాలి. నన్ను చూడకుండా ఉండే ఆ రెండు నిమిషాల్లోనే నోరు తెరవగలిగాను. ఆ రోజు సభలో నేను చేసింది తప్పు అన్నాను. అన్నకు ఎన్నడూ చెప్పలేకపోయానన్నాను. మీ పాట నా వల్లే ఆగిపోయిందన్నాను.

“ఆగిందా? ఎవలు సెప్పిండ్రు?”

నేను గట్టు మీద విన్న నిశ్శబ్దం గురించి చెప్పాను.

వదిన కళ్ళు మూసుకునే నవ్వింది. పొట్ట కదిలేలా నవ్వింది.

“నువ్వు ఆపితె ఆగుతమా మరిదీ? నువ్వు కాలువ మలుపు తిరిగెదాక నోర్లు మూసుకున్నం. తిరిగినంక ఎత్తుకున్నం. నీ మీదనే.”

నాకు వెంటనే అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను. సభ జరిగిన వారానికే తను, పక్క చేను ఆమె కలిసి నా మీద పాట కట్టారని చెప్పింది. ఏటేటా పెంచుకుంటూ పోయారు. నేను పురోహితుడు లేకుండా దండలు మార్చుకుని పెళ్ళి చేసుకున్నప్పుడు ఒక వరుస. దయ్యం లేదని నిరూపించడానికి శ్మశానంలో పడుకుని జ్వరం తెచ్చుకున్నప్పుడు ఒక వరుస. నేను కండువా జారవిడవడం కూడా చూశారు. దానికీ ఒక వరుస ఉంది.

“పొడుగుదేనా?” అన్నాను.

“ఎత్తుకుంటె ఒక మడి నాటొచ్చు.”

అన్నకు తెలుసా అని అడిగాను. తెలుసంది. గడ్డి కోసుకొస్తూ కాలువ మలుపు అవతల కూర్చుని వినేవాడట. ఒక వరుసకు మాట కూడా సాయం చేశాడట. ఏ మాటో చెప్పలేదు. నేను ఆ కుర్చీ పక్కన నేల మీద కూర్చుండిపోయాను. నన్ను వెలివేశారని నేను అనుకున్న అన్నేళ్ళూ వాళ్ళు నన్ను నోట్లో పెట్టుకుని తిరిగారు.

ఒక్కసారి పాడమన్నాను.

“నువ్వు ఇంటె ఎట్ల? గది నువ్వు ఇనకుంట పాడే పాట.”

నేను వాదించాను. అలవాటు పోదు కదా. ఆడవాళ్ళ నోటి సాహిత్యం అన్నాను, పోతే మళ్ళీ రాదన్నాను, నా మీది పాట మీద నాకూ కొంత హక్కు ఉందన్నాను. వదిన ఒక కన్ను తెరిచి చూసింది.

“రాసుకుంటవు మళ్ల. ఎక్కడనో సదువుతవు.” ఆ కన్నూ మూసుకుని, “అయినా ఒక్కదాన్ని ఎత్తితె ఎవలు అందుకుంటరు?” అంది.

అందుకునే ఆమె మోర్తాడ్‌లో కూతురి దగ్గర ఉంటోంది. మోకాళ్ళు పోయి, మంచం దిగలేదు. వాళ్ళిద్దరూ కలుసుకుని నాలుగేళ్ళయింది. కన్ను బాగయ్యాక ముందు ఆమెనే చూడాలని ఉందని వదినే అంది. నేను వెంటనే కారు మాట్లాడాను.

ఈలోగా పాఠకుల సంఘం వాళ్ళ సభకు కూడా పోయి వచ్చాను. రాసుకున్న రెండు పేజీలూ జేబులోనే ఉన్నాయి. డీజే పాటల్ని తిట్టమని పిలిచారు, తిట్టాను. మా వదిన పాటలో మాటలు ఈ పాటల్లో మాటలకంటే మర్యాదైనవేమీ కావని కూడా చెప్పాను. తిట్టిన మనిషి రేపు పొద్దున తిట్టు తిన్నవాడి ఎదుట నిలబడి అన్నం పెట్టాల్సిన పాట ఒకటి ఉండేదనీ, ఎవరికీ ఎదురుపడక్కర్లేని పాట ఇప్పుడు వచ్చిందనీ అన్నాను. ఒక కుర్రవాడు లేచి, ఆ పాటలో రెండు ముక్కలు ఉదాహరణగా చెప్పండి సార్ అన్నాడు. గుర్తులేదన్నాను. ఆధారం చూపకుండా వేదిక దిగడం నా జన్మలో మొదటిసారి.

మోర్తాడ్‌కు పోయేసరికి పసుపు ఉడకబెట్టే రోజులు. ఆ ఇంటి ముందు కల్లమంతా ఉడికిన పసుపు కొమ్ములు పరిచి ఉన్నాయి. కాళ్ళు పెట్టడానికి చోటు లేదు. లోపల మంచం మీద కూర్చున్న ఆమె వదినను చూసి ఏడవలేదు, పలకరించలేదు. “కొత్త కన్ను పెట్టుకోని నా ముడుతలు లెక్కవెట్ట వచ్చినవా?” అంది. వదిన ఆమె పక్కన మంచమెక్కి కూర్చుంది. చాలాసేపు పోయినవాళ్ళ పేర్లు చెప్పుకున్నారు. ఇరవై మంది మునుంలో ఎవరెవరు లేరో చెప్పుకున్నారు. ఇద్దరు ముగ్గురు తప్ప లేరు.

తర్వాత ఆమె నన్ను చూసింది.

“గీయననేనా?”

“గీయననే” అంది వదిన.

“బట్టతల గూడ అయ్యిందా? మనకు తెల్వదాయె. ఒక వరుస తక్కువ వడ్డది.”

ఇద్దరూ నవ్వారు. నేను నిలబడే అడిగాను. రాసుకోనని చెప్పాను. ఫోన్ కారులో పెట్టి వస్తానన్నాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కోడళ్ళుగా వచ్చిన ఏడు ఎలా చూసుకునేవాళ్ళో అలాగే చూసుకుని ఉంటారు. మంచం మీదామె గడప వైపు చెయ్యి ఊపింది.

“పో. రోడ్డు మీదికి పో. మలుపు తిరుగు.”

“అక్కా, ఒక్క వరుస.”

“నువ్వు ఉంటె మాకు గొంతు రాదు. పో.”

పసుపు పక్క నుంచి నడిచి రోడ్డు మీదికి వచ్చాను. మలుపు దగ్గర వేప చెట్టు కింద ఒక రాయి ఉంది. దాని దగ్గర నిలబడ్డాను. ఎక్కడో పసుపు పాలిష్ చేసే డ్రమ్ము తిరుగుతోంది. దాని మోత కాస్త తగ్గినప్పుడు వదిన గొంతు వినపడింది. సన్నగా, ఒక పక్కకు ఒరిగినట్టు. ఆమె ఆగిన చోట రెండో గొంతు అందుకుంది. అది కొంచెం ఆలస్యంగా అందుకుంటోంది, ఊపిరి చాలక మధ్యలో తెగుతోంది. తెగిన చోట వదిన ఆగి, మళ్ళీ మొదటి నుంచి ఇస్తోంది.

మాటలు తెలియడం లేదు. రాగం ఎక్కే చోట ఒక కుదుపు ఉంది. అక్కడ నా పేరు ఉండాలి. అది వచ్చిన ప్రతిసారీ ఇద్దరికీ నవ్వు ఆగడం లేదు. నా పేరులో అంత నవ్వు ఉందని నాకు తెలియదు. ఇంకో పదడుగులు ముందుకు వేస్తే మాట తెలుస్తుంది. నా కాళ్ళు రెండుసార్లు కదిలాయి. రాతిని పట్టుకుని నిలబడ్డాను. మా అన్న ఎండలో, గడ్డి మోపు పక్కన, ఇంత దూరంలోనే కూర్చుని ఉంటాడు. ఆయనకు మాటలు తెలిసేవి.

ఎంతసేపయిందో తెలియదు. పాట ఆగింది. అయిపోయిందనుకుని అటు నడిచేంతలో ఆ ఇంటి కూతురు కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది. ఆమె ముఖం నవ్వుతో ఎర్రగా ఉంది. తను ఆ పాట వినడం అదే మొదటిసారట.

“మామా, అవ్వలిద్దరు నిన్ను ఇంకింత దూరం పొమ్మంటుండ్రు. కొత్త వరుస కడుతుండ్రట.”

సరేనన్నాను. వెనక్కి తిరిగి, రెండు చేన్లు దాటి, ఆ గొంతులు అసలు వినపడని చోటు దాకా నడిచాను.